ఫోన్ చాలదా అంటే, చాలదు!

"పాటలు రికార్డు చేసేటందుకు పదహారు వేలా? చేతిల ఫోనున్నది గద, అది చాలదా?"

ఈ మాట మా ఇంట్లో ఒక్కరు కాదు, నలుగురు అన్నారు. మా ఆయన అన్నాడు. మా పెద్దోడు అన్నాడు. పండక్కి వచ్చిన మా ఆడబిడ్డ అంది. ఆఖరికి ఇంటర్నెట్ వైరు బాగుచేయడానికి వచ్చిన పిల్లగాడు కూడా "ఎందుకు మేడం, ఫోన్‌లనే మంచిగొస్తది" అని ఒక సలహా పారేసి పోయాడు. అప్పుడు నేనేమీ అనలేదు. టీ కలిపి ఇచ్చాను. ఇవ్వాళ అంటాను, కొంచెం గట్టిగానే అంటాను.

ఎందుకంటే ఇది నా ఒక్కదాని గోల కాదు. మీలో పాడేవాళ్లున్నారు. కథలు చదివి దూరాన ఉన్న మనవలకు పంపేవాళ్లున్నారు. వంటల వీడియోలకు గొంతు ఇచ్చేవాళ్లున్నారు. అమ్మ చెప్పే పాత సంగతులు దాచుకోవాలని ఏళ్ల తరబడి అనుకుంటూ వాయిదా వేసేవాళ్లూ ఉన్నారు. మీరు ఒక మంచి మైక్ కొనుక్కుంటానని నోరు తెరిచిన రోజున మీ ఇంట్లో కూడా ఇదే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు మీ దగ్గర తయారుగా ఉండాలి.

ముందు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను.

మా అత్తమ్మకు ఇప్పుడు 76 ఏళ్లు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో ఈ హాలియా పక్క ఊరికి కాపురానికొచ్చింది. చెలకలన్నీ పొలాలవుతున్న రోజులవి. నాట్లకు పోతే పొద్దున వంగిన నడుము పొద్దుమీకి లేచేది. ఆ నడుము నొప్పిని పాట మీద మోసినవాళ్లు వాళ్లు. నాట్ల పాటలు, కలుపు పాటలు, బతుకమ్మ పాటలు, పెండ్లి పాటలు, బిడ్డను అత్తారింటికి తోలేటప్పటి అప్పగింత పాటలు. అక్షరం ముక్క రాదు ఆమెకు. నేను బి.ఏ. తెలుగు చదివాను. ఆమె నోట్లో ఉన్న తెలుగు నా మూడేళ్ల చదువులో ఎక్కడా తగల్లేదు.

ఈ పాటలు ఒక్కరు పాడేవి కావు. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకోవాలి. మా అత్తమ్మ ఎత్తుకుంటే అందుకునేది ఆమె యారాలు, మా చిన్నత్తమ్మ. యాభై ఏళ్ల జోడీ అది. ఇద్దరికీ ఎన్నిసార్లు మాటలు బందయ్యాయో లెక్కలేదు కానీ, పాట మాత్రం ఎప్పుడూ బంద్ కాలేదు.

మూడేళ్ల కింద, బతుకమ్మ పండుగకు ముందు, ఇద్దరినీ వరండాలో చాప మీద కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేశాను. అత్తమ్మ ముందు ఫోను పెట్టాను. చిన్నత్తమ్మ కొంచెం అవతల, గోడకు ఆనుకుని కూర్చుంది. నలభై నిమిషాలు, పదకొండు పాటలు. అంతా అయ్యాక మొదటి పాట ఒక అర నిమిషం విని, బాగానే వచ్చిందనుకుని, వంటింట్లోకి పోయాను. మిగతాది తర్వాత వినొచ్చనుకున్నాను.

ఆ మరుసటి ఏడు యాసంగి కోతలప్పుడు చిన్నత్తమ్మ పోయింది.

దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్లాక, ఓ సాయంత్రం అత్తమ్మ అడిగింది. "మీ చిన్నత్త పాట పెట్టు బిడ్డా." పెట్టాను. అత్తమ్మ గొంతు ఉంది. చిన్నత్తమ్మ గొంతు ఉండాల్సిన చోట ఏదో నీళ్లలోంచి వస్తున్న మాట లాగా ఉంది. ఎత్తుగడలో మొదటి అక్షరం లేదు. చివరి దీర్ఘం మధ్యలోనే తెగిపోయింది. కొన్ని చరణాల్లో అసలు గొంతే లేదు, ఫ్యాను హోరు ఒక్కటే ఉంది. అత్తమ్మ రెండు పాటలు విని, "ఆ దినం అది పాడలేదా ఏంది?" అని అడిగింది.

పాడింది. గొంతెత్తి పాడింది. ఫోనే వినలేదు.

ఫోన్ చెడిపోయి ఇలా కాలేదు. దాని పని అదే. ఫోను పుట్టింది ఒక మనిషి నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడటానికి. దగ్గరున్న గొంతు మనిషిది, దూరంగా వినిపించేది చప్పుడు అని దాని లెక్క. ఆ చప్పుడును అణిచేసే ఏర్పాటు చాలా ఫోన్లలో లోపలే ఉంటుంది. మనం అడక్కుండానే అది పని చేస్తుంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. గొంతు పెద్దదైతే తగ్గిస్తుంది, చిన్నదైతే పెంచుతుంది. అందుకే పాట ఆగిన ప్రతిచోటా ఫ్యాను హోరు పొంగుకొస్తుంది. అత్తమ్మ గొంతెత్తిన చోటల్లా పాట కుంచించుకుపోతుంది. పైగా ఆ రికార్డింగును వాట్సాప్‌లో పంపితే అది ఇంకా నలిగి చేరుతుంది. ఫోను మాటలకు చాలు. పాటకు, అందులోనూ ఇద్దరు పాడే పాటకు, చాలదు.

ఇక డబ్బు సంగతి. పదహారు వేలు చిన్న మొత్తమని నేను అనను. మా ఇంట్లో రూపాయి ఎక్కణ్నుంచి వస్తుందో నాకు తెలుసు. కానీ అడుగుతాను. పోయిన ఏడు పెద్దోడి బండికి లక్ష దాటింది. దానికి "పాత బండి చాలదా" అని ఎవరైనా అన్నారా? క్రికెట్ కోసం టీవీ మారింది. ఉన్న టీవీలో బంతి కనపడట్లేదా అని ఎవరూ అడగలేదు. ఆటలాడుకోవడానికి చిన్నోడు చెవులకు పెట్టుకునేది నాలుగు వేలు. అవన్నీ అవసరాలు. నా మైక్ దగ్గరికొచ్చేసరికి లెక్కల పుస్తకం తెరుచుకుంది.

"నీకు మిక్సీ కొనలేదా, వాషింగ్ మెషిన్ కొనలేదా" అన్నాడు మా ఆయన. కొన్నారు. అయితే అవి నాకు కొన్నవి కావండీ. ఇంట్లో అందరి పచ్చడికీ, అందరి బట్టలకూ కొన్నవి. ఆడవాళ్ల పేరు మీద ఇంట్లోకి వచ్చే యంత్రాలన్నీ పని చేయించేవే. గొంతు వినిపించే యంత్రం అడిగితే మాత్రం అది సోకు కింద జమ.

సరే, ఇల్లు ఒప్పుకుంది. కొందామని కూర్చుంటే రెండో గుంపు తగులుకుంది. సలహాలిచ్చేవాళ్లు! వీడియోల్లో ఎవర్ని చూసినా ఒకటే మాట: కండెన్సర్ మైక్ కొనండి, గొంతులో ప్రతి సన్న వివరమూ పట్టుకుంటుంది. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. కానీ వాళ్లు ఎక్కడ కూర్చుని చెప్తున్నారో చూడండి. తలుపు బిగించిన గది. గోడలకు ఫోమ్. అర్ధరాత్రి నిశ్శబ్దం. "రికార్డింగ్ నడుస్తుంది, ఎవరూ రావద్దు" అంటే ఇల్లంతా పిల్లిలా నడిచే వైభోగం. మనకు ఆ గది ఏది? మనం గదిలోకి పోయి తలుపేసుకుంటే పది నిమిషాల్లో ముగ్గురు తలుపు కొడతారు.

తెలియక నేనూ ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించాను. కండెన్సర్ మైకు, వంగే స్టాండు, గుండ్రటి జల్లెడ, అన్నీ ఒకే డబ్బాలో. అత్తమ్మతో ఒక పాట పాడించి వినిపించాను. కుక్కర్ విజిల్ వచ్చింది. పక్కింటి మోటరు వచ్చింది. మిర్యాలగూడ రోడ్డు మీద వడ్ల లారీ గేరు మార్చిన చప్పుడు, గుడి మైకు, కప్పు మీద కోతులు, పాత ఇనుము కొంటామని అరుచుకుంటూ పోయే ఆటో, అన్నీ వచ్చాయి. అత్తమ్మ నోటి మీద కొంగు పెట్టుకుని నవ్వింది. "అబ్బో, ఊరంత ఇండ్లనే ఉన్నదే!"

అప్పుడు కూర్చుని చదివాను. మూడు నెలలు చదివాను. నాకు అర్థమైనంత వరకు తేటగా చెప్తాను, మీకు ఆ మూడు నెలలు మిగులుతాయి.

మైకులు ముఖ్యంగా రెండు జాతులు. కండెన్సర్‌లో చాలా పల్చటి పొర ఉంటుంది, సన్నటి కదలికకు కూడా ఊగుతుంది. అది పని చేయడానికి బయటి నుంచి కరెంటు కావాలి. దాన్ని ఫాంటమ్ పవర్ అంటారు, 48 వోల్టులు. డైనమిక్ మైకులో పొరకు సన్నటి తీగ చుట్ట అతికించి ఉంటుంది, ఆ చుట్ట అయస్కాంతం మధ్య కదులుతుంది. దానికి బయటి కరెంటు అక్కర్లేదు. కొంచెం మొద్దు, కొంచెం గట్టి. సభల్లో పాటగాళ్లు చేతిలో పట్టుకునేవి ఎక్కువగా ఇవే. 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది.

కండెన్సర్ ఊరంతా వింటుంది, డైనమిక్ వినదు అని చాలామంది అంటారు. అందులో సగమే నిజం. అసలు కిటుకు దూరంలో ఉంది. డైనమిక్ మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకుని పాడటానికే తయారు చేశారు. కండెన్సర్‌ను అంత దగ్గర పెడితే ఊపిరి తగిలినా దబదబమంటుంది, అందుకని జానెడు, జానెడున్నర దూరం జరుపుతాం. జరిపిన కొద్దీ మన గొంతు చిన్నదవుతుంది, ఇంటి చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. లెక్క కావాలంటే ఇదిగో: దూరం సగం చేస్తే గొంతు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. ఈ లాభం పైసా ఖర్చు లేకుండా వచ్చేది. నిశ్శబ్దం లేని ఇంట్లో ఉండేవాళ్లకు దగ్గరగా పెట్టుకునే మైకే దిక్కు. అందుకే నా ఓటు డైనమిక్‌కే.

ఇప్పుడు ఇంటర్‌ఫేస్. మైకుకు, కంప్యూటరుకు మధ్యన ఉండే డబ్బా అది. మైకులోంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెద్దది చేసి, అంకెలుగా మార్చి యూఎస్‌బీ తీగ గుండా కంప్యూటరుకు పంపుతుంది. ఇది లేకుండా మామూలు మైకును ల్యాప్‌టాప్‌కు ఉన్న చిన్న రంధ్రంలో గుచ్చితే గొంతు కంటే ముందు బుస్సుమనే రొద వస్తుంది. కిట్లలో కొన్నింటికి ఆ చిన్న పిన్ను తీగే ఇస్తారు. 48 వోల్టులు కావాల్సిన మైకుకు ఆ రంధ్రంలోంచి వచ్చేది రెండు మూడు వోల్టులు. ఎండకాలంలో లోవోల్టేజీ వస్తే మన బోరు మోటరు ఎట్లా మూలుగుతుందో ఆ మైకూ అట్లానే మూలుగుతుంది.

"ఇంటర్‌ఫేస్ ఎందుకు, నేరుగా యూఎస్‌బీ మైకు కొనుక్కోవచ్చు గదా" అని మీరు అడగొచ్చు. ఒక్కరే చదివేవాళ్లు, ఒక్కరే పాడేవాళ్లు నిశ్చింతగా కొనుక్కోండి. శామ్‌సన్ క్యూ2యూ లాంటివి డైనమిక్‌లోనే ఉన్నాయి. యూఎస్‌బీ కూడా ఉంటుంది, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కూడా ఉంటుంది. ఇవ్వాళ నేరుగా కంప్యూటరుకు, రేపు ఇంటర్‌ఫేస్ కొంటే దానికి. కానీ ఇద్దరు పాడాలంటే రెండు యూఎస్‌బీ మైకులు పనికిరావు. ఉచితంగా దొరికే ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్ ఒక్కసారికి ఒక్క పరికరం నుంచే రికార్డు చేస్తుంది. రెండు మైకులు కొన్నాక ఈ సంగతి తెలిస్తే ఇంట్లో మళ్లీ లెక్కల పుస్తకం తెరుచుకుంటుంది.

ఇక్కడ ఇంకో మోసం ఉంది, జాగ్రత్తగా వినండి. ఇంటర్‌ఫేస్ డబ్బా మీద "రెండు ఇన్‌పుట్లు" అని రాసి ఉంటుంది. రెండు మైకులు పెట్టుకోవచ్చని మనం సంబరపడతాం. కాదు! ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, బెహ్రింగర్ యూఎం2 లాంటి వాటిలో మైకుకు ఒక్కటే చోటు. రెండోది గిటారు లాంటి వాటికి. ఇద్దరు పాడాలంటే మైకు ప్రీఆంప్‌లు రెండు ఉన్నాయా అని చూడాలి. స్కార్లెట్ 2ఐ2, బెహ్రింగర్ యూఎంసీ202హెచ్‌డీ లాంటివి అట్లాంటివి. సలహాదారులు "మొదలుపెట్టేవాళ్లకు సోలో చాలు" అంటారు. మొదలుపెట్టేవాడు ఎప్పుడూ ఒక్కడే అని వాళ్ల ఊహ. గదిలో ఒంటరిగా గిటారు పట్టుకున్న కుర్రాడు వాళ్ల కళ్ల ముందుంటాడు. చాప మీద కూర్చుని ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకునే ఇద్దరు ముసలమ్మలు వాళ్ల ఊహలోనే లేరు.

మరో పిచ్చి కూడా ఉంది. పెద్ద పెద్ద పాడ్‌కాస్టుల్లో కనిపించే మైకు, షూర్ ఎస్‌ఎం7బీ. ముప్ఫై వేలు దాటుతుంది. మంచి మైకే, కాదనను. కానీ దానికి సుమారు 60 డెసిబెళ్ల దాకా గుంజే బలమున్న ప్రీఆంప్ కావాలి. చవక ఇంటర్‌ఫేస్‌కు తగిలిస్తే గొంతుతో పాటు రొదనూ గుంజుకొస్తుంది. అప్పుడు మధ్యలో ఇంకో డబ్బా కొనమంటారు. పెండ్లికి నగ కొంటే దానికి జతగా చీర, చీరకు జతగా గాజులు కొన్నట్టు ఇది తెగదు. మన పని పాట నిలవడం. దానికి రెండు వేల రూపాయల్లో దొరికే డైనమిక్ మైకు సరిపోతుంది.

నేను చివరికి కొన్నవి: సాదా డైనమిక్ మైకులు రెండు, రెండు మైకు ప్రీఆంప్‌లున్న ఇంటర్‌ఫేస్ ఒకటి, ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలు రెండు, పొట్టి స్టాండ్లు రెండు, చెవులకు పెట్టుకునే మామూలు వైరు హెడ్‌ఫోను. అన్నీ కలిపి పదహారు వేలు. ల్యాప్‌టాప్ పెద్దోడి పాతది. కొన్న ధరలు మారుతుంటాయి కాబట్టి అంకెలు పట్టుకోకండి, వరుస పట్టుకోండి: ఎంతమంది పాడతారు, ఇంట్లో ఎంత చప్పుడు, అప్పుడు మైకు, ఆ తర్వాత ఇంటర్‌ఫేస్. దుకాణం వాడు దీన్ని తిరగేసి, ఖరీదుతో మొదలుపెట్టి చెప్తాడు.

కొన్నాక ఇంట్లో సర్దుకోవడం మన చేతిలో పని. ఈ మైకులు ముందు నుంచి బాగా వింటాయి, వెనక నుంచి తక్కువ వింటాయి. అందుకని మైకు వీపు కిటికీ వైపు, ఫ్యాను వైపు ఉండాలి. ఫోమ్ ముక్కలు కొనకండి. ఫోమ్ గదిలోని మారుమోతను తగ్గిస్తుందే కానీ బయటి లారీని ఆపదు. మారుమోతకు మన బొంతలు చాలు. దండెం మీద రెండు బొంతలు వేసి, చీరల బీరువా తలుపులు తెరిచి, దాని ముందు కూర్చోండి. ల్యాప్‌టాప్ చార్జరు తీసేయండి. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇళ్లలో చార్జరు పెడితే "హుమ్" అని ఒక రొద పాట కింద పారుతూనే ఉంటుంది. గొంతు బాగా ఎత్తిన చోట కూడా మీటరు -12 దగ్గరే ఉండేటట్టు చూసుకోండి. ఎర్ర గీత తగిలితే ఆ ముక్క మళ్లీ రాదు.

తెలుగు చదివిన దాన్ని కాబట్టి ఇదొకటి. ప, ఫ, బ, భ పలికేటప్పుడు పెదవులు కలిసి విడిపోతాయి, గాలి ముద్దలా వచ్చి మైకును గుద్దుతుంది. బతుకమ్మ పాటల్లో "బ" ఎన్నిసార్లు వస్తుందో మీకు తెలుసు గదా! మైకును నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, బుగ్గ వైపు పెట్టండి. గాలి ముందుకు పోతుంది, పాట మైకులోకి పోతుంది. శ, ష, స ఈలలు కూడా దాంతోనే తగ్గుతాయి. వ్యాకరణంలో ఓష్ఠ్యాలు, ఊష్మాలు అని బట్టీ పట్టినప్పుడు అవి ఇట్లా పనికొస్తాయని ఎవరు చెప్పారు?

ఇద్దరి మైకులూ స్టీరియోలో చెరో వైపు రికార్డు చేయండి. తర్వాత విడదీసుకుంటే రెండు గొంతులూ దేనికది ఉంటాయి. ఒకరిది తగ్గితే పెంచుకోవచ్చు. అసలు కాపీని వేవ్ ఫైలుగానే దాచండి. నిమిషానికి దాదాపు 10 ఎంబీ, గంటకు 600. ఒక 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వంద గంటలు పడతాయి. రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టండి, ఒకటి బీరువాలో, ఇంకొకటి అమ్మగారింట్లో.

"ఇంత తంటా ఎందుకు, నల్లగొండకో హైదరాబాదుకో పోయి స్టూడియోలో పాడించొచ్చు గదా" అంది మా ఆడబిడ్డ. అత్తమ్మను అద్దాల గదిలో నిలబెట్టి, చెవులకు డిప్పలు పెట్టి, గాజు అవతలి నుంచి ఒక అబ్బాయి చెయ్యి ఊపితే ఆమె నోట్లోంచి పాట రాదు. ఆమెకు పాట వచ్చేది బియ్యం ఏరుతున్నప్పుడు. ఒక పాట ఎత్తుకుని మధ్యలో ఆగి, "ఇది మా అమ్మ పాడేది గాదు, మీ తాత చెల్లె పాడేది" అని ఇంకో చరణం గుర్తు చేసుకుంటుంది. గంటకు ఇంత అని కట్టే చోట అట్లా ఆగే వీలుండదు. ఈ పాటలకు ఇల్లే స్టూడియో. అందుకే ఇంటికి తగ్గ మైకు కావాలంటున్నాను.

"ఎవరు వింటారివి?" అన్నాడు పెద్దోడు. ఇది అన్నిటికంటే పాత ప్రశ్న. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ వాళ్లు కలకత్తాలో ఒక హోటల్ గదిలో యంత్రం పెట్టుకుని రికార్డు చేసినవాళ్లలో గౌహర్ జాన్ ఒకరు. అప్పటికి రికార్డింగుకు మైకు వాడేవాళ్లు కాదు. పెద్ద గొట్టంలోకి నోరు పెట్టి గట్టిగా పాడాలి, మూడు నిమిషాల్లో ముగించాలి. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పుకునేది. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ పేరు చెప్పిన గొంతు ఇంకా ఉంది. ఎవరు వింటారని ఆ రోజు ఎవరైనా ఆపి ఉంటే?

అంత దూరం ఎందుకు, మన జిల్లాల సంగతే చూడండి. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు ఏం చేశారో వాళ్ల మాటల్లోనే తెలిసింది 1986లో వచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"తో. స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఊరూరా తిరిగి, కూర్చోబెట్టి, అడిగి, విని తెచ్చిన పుస్తకం అది. పోరాటం ముగిసి అప్పటికి ముప్ఫై అయిదేళ్లు. అన్నాళ్లూ ఆ ఆడవాళ్లు ఇక్కడే ఉన్నారు, మాటలూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. అడిగి వినేవాళ్లు కావాల్సి వచ్చింది. మన సూర్యాపేట వైపు ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం ఉయ్యాల పాటలు పాడి ఊళ్లను కదిలించింది, ఆ తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయింది. ఆమె చెప్తుంటే విని రాసిన ఆత్మకథ "నా మాటే తుపాకీ తూటా" మనకు దక్కింది. 2022 మార్చిలో ఆమె వెళ్లిపోయింది. ఆమె పేరున్న మనిషి కాబట్టి అడిగేవాళ్లు ఉన్నారు. ఆమెతో పాటు కోరస్ అందుకున్న పేరు లేని గొంతులన్నీ ఏమైనట్టు? మా చిన్నత్తమ్మ గొంతు ఏమైందో నాకు తెలుసు.

ఇక నిజాయితీగా ఒక మాట. అందరూ ఇవన్నీ కొనాలని నేను చెప్పడం లేదు. మీరు ఒక్కరే, మాటలే, ఇంట్లో కొంచెం నిశ్శబ్దం ఉంటే, కొంగుకు తగిలించుకునే చిన్న మైకు ఫోన్‌కు పెట్టుకోండి, పని జరుగుతుంది. అప్పు చేసి మైకు కొనకండి. కొన్నాక బీరువాలో పెట్టేటట్టయితే అసలే కొనకండి. కానీ ఫోను చాలో చాలదో తేల్చాల్సింది రికార్డు చేసే మనిషి. రికార్డింగ్ ఎప్పుడూ వినని వాళ్లు ఆ తీర్పు చెప్పకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా రికార్డింగ్. కుక్కర్ అప్పటికే దిగిపోతుంది. వరండాలో బొంతలు ఆరేస్తాం, చూసినవాళ్లు ఉతికామనుకుంటారు. ఒక మైకు ముందు అత్తమ్మ, ఇంకోదాని ముందు నేను. చిన్నత్తమ్మ అందుకునే చరణాలు నేను అందుకుంటున్నాను. "గట్ల గాదు, అది గొంతు దించి అంటుండె" అని అత్తమ్మ నన్ను ఆపి దిద్దుతుంది. ఆ దిద్దడం కూడా రికార్డవుతుంది, నేను కత్తిరించను. ఇప్పటికి ఇరవై మూడు పాటలయ్యాయి. రెండు పాటల్లో చివరి చరణాలు అత్తమ్మకు గుర్తు రావడం లేదు. అవి చిన్నత్తమ్మకు తెలిసినవి.

ఆ పాత ఫోన్ రికార్డింగ్ మాత్రం తీసేయలేదు, అట్లానే ఉంచాను. ఈసారి మా ఇంట్లో ఎవరైనా "ఫోన్ చాలదా" అంటే జవాబు చెప్పను. అది పెట్టి, హెడ్‌ఫోను చేతికిచ్చి, అందుకునే గొంతు ఎక్కడుందో వెతికి చూపించమంటాను.